బూట్లతో బరిలోకి వచ్చినవాడు

చెడుగుడు ఆడి పళ్లు రాలగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. మోకాలి చిప్ప జారినవాళ్లను, పెళ్లిచూపుల ముందురోజు ముక్కు చదును చేసుకున్నవాళ్లను కూడా చూసి ఉంటారు. చెడుగుడు ఆడి, ఒక బస్సునూ ఆ బస్సెక్కి ఇంటికి పోవలసిన మనుషులందరినీ పరాయి సైన్యం చేతిలో పెట్టబోయినవాణ్ని మాత్రం చూసి ఉండరు. చూడాలనిపిస్తే రాయచోటికి రండి, నేను అక్కడే ఉంటాను. ఇదేమీ ఘనకార్యం కాదని ముందే చెబుతున్నాను. అలాగని సిగ్గుపడుతున్నానని కూడా అనుకోవద్దు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టు నెల అది. నేను అల్ రాయ్‌లో ఒక షెడ్డులో కార్ల టైర్లు విప్పి బిగించే పని చేసేవాణ్ని. ఉండేది ఫర్వానియాలో, మా జిల్లా వాళ్లతోనే నిండిపోయిన ఒక బిల్డింగులో. ఒంట్లో బలం బాగా ఉండేది. ఆ బలాన్ని ఎక్కడ వాడాలో చెప్పే వస్తువు ఇంకా మొలవలేదు. మాకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మంచి మనిషి. ఆయన పెళ్లాం బిడ్డలతో సౌదీ దారి పట్టే ముందు, పనివాళ్లను తిప్పే పాత బస్సు తాళాన్ని మా డ్రైవరు ఓబులేసన్న చేతిలో పెట్టి, మీవాళ్లను తీసుకుని పోగలిగితే పో అని చెప్పి వెళ్లాడు.

బస్సు ఉంటే సరిపోదు. సైనికులు కంటికి కనిపించిన బండినల్లా ఎత్తుకుపోతున్నారు. అప్పుడు మా షెడ్డువాళ్లం చేతనైన పని చేశాం. ఆ బస్సు చక్రాలన్నీ పీకి మంచాల కింద దాచాం. బస్సు బిల్డింగు వెనక ఇటుకల మీద కూర్చుంది. కాళ్లు లేని బస్సును ఏ సైన్యమూ ఎత్తుకుపోదు. నా మంచం కింద స్టెప్నీ ఉండేది. దానిమీద పడుకుని నేను మహా బాధ్యత మోస్తున్నట్టు గురక పెట్టేవాణ్ని.

పని లేదు, జీతం లేదు, ఊరికి ఫోను లేదు. పొద్దంతా రేడియో చుట్టూ కూర్చుని భయపడేవాళ్లం. సాయంత్రం మాత్రం వెనకాల ఇసుక జాగాలో కాలితో గీత గీసి చెడుగుడు ఆడేవాళ్లం. గుంపుగా చేరకూడదని సైనికుల హుకుం. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు నిలబడితే అది గుంపు కాదు, రెండు జట్లు అని నా వాదన. ఈ వాదనను ఏ కోర్టులోనూ పరీక్షించలేదు. మా సందు చివర రెండు డ్రమ్ముల మీద ఒక పలక వేసి కాపలా కాస్తున్న సైనికులు కూడా దాన్ని వినలేదు. చూసీ చూడనట్టు వదిలేశారు, అంతే.

మాలో రెండు జట్లు. రాయచోటి జట్టుకు పట్టేవాణ్ని నేను. రాజంపేట జట్టుకు కూతకు వచ్చేవాడు పుల్లయ్య. కూత అంటే తెలుసు కదా, ఊపిరి తెగకుండా చెడుగుడు చెడుగుడు అంటూ అవతలి బరిలోకి వచ్చి, ఒకణ్ని తాకి, ఆ ఊపిరితోనే తన గీత చేరుకోవాలి. మధ్యలో ఊపిరి పీల్చినవాడు దొంగ. నేను మిగతా విషయాల్లో ఎలా ఉన్నా బరిలో మాత్రం ధర్మరాజును. చెప్పులతో ఆడకూడదు, గోళ్లు పెంచకూడదు, దొంగ ఊపిరి పీల్చకూడదు. ఆ వారం పుల్లయ్య ఒక కూతలో దొంగ ఊపిరి పీల్చాడు. నేను విన్నాను. తాను పీల్చలేదని వాడు తన తల్లి మీద ఒట్టేశాడు. ఆ పాయింటు ఎవరిదో తేలకుండా ఆట ఆగిపోయింది.

ఇంతలో ప్రయాణం కుదిరింది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కడినుంచి విమానాలు ఉన్నాయని విన్నాం. తెల్లవారుజామున బయలుదేరాలి. ఆ మధ్యాహ్నమే చక్రాలు బిగించి, సామాను బస్సుకెక్కించాం. అంటే ఆ ఒక్క సాయంత్రమే మా బస్సు కాళ్లతో, అందరి కళ్లకూ కనపడేలా నిలబడి ఉంది. ఓబులేసన్న అందరినీ పిలిచి చెప్పాడు.

"ఈ పొద్దు ఎవుడూ గడప దాటొద్దండి. ఆ కొసన ఉండే మిలిట్రీవోండ్లు ఈ బస్సు దిక్కు చూసినారంటే మన బతుకు ఈణ్ణే తెల్లారిపోతాది. బండరాయి మాదిరి గమ్మునుండల్ల."

"అట్లనే అన్నా. ఆ పాయింటొక్కటి తేల్చుకుంటే బాగుండు," అన్నాను.

"యా పాయింటు రా?"

"పుల్లయ్య దొంగూపిరి పాయింటు."

ఓబులేసన్న నుదురు కొట్టుకున్నాడు. "దేశమే పాయె, నీకు పాయింటు గావల్నా?"

"దేశం వోళ్లది. పాయింటు నాది."

ఎంత గొప్పగా అన్నానో చూడండి. ఈ మాట చెక్కి ఎక్కడైనా పెట్టవచ్చు, నా సమాధి మీదైతే ఇంకా బాగుంటుంది. కానీ అప్పుడు నా మనసులో ఉన్నది అదే. ఉద్యోగం పోయింది, మూడేళ్ల కష్టం బ్యాంకులో మునిగింది, ఎవడో తుపాకీ పట్టుకుని వచ్చి సాయంత్రం బయట నిలబడకూడదంటున్నాడు. అన్నీ లాక్కున్నారు. ఆటలో నెగ్గిన పాయింటు కూడా వదిలేసి పోతే ఇక నేనేమి మనిషిని? అందుకే ఓబులేసన్న ఇంజను ఆయిలు చూసుకోవడానికి వంగగానే నేను కుర్రాళ్లను సైగతో ఇసుకలోకి దింపాను. ఒక్కటే కూత, ఒక్కటే పట్టు, తర్వాత ఎవరి దారిన వాళ్లం అన్నాను. చొక్కా విప్పి నిక్కరుతో నిలబడ్డాను.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. నాకు పట్టు నేర్పింది ఓబులేసన్నే. "మొగం చూస్తే మోసపోతావురా, కాళ్లు చూడు. మొగం అబద్ధం చెప్తాది, కాలు చెప్పదు," అనేవాడు. అందుకని నేను కూతకు వచ్చినవాడి మొహం ఎన్నడూ చూసేవాణ్ని కాదు. తల వంచి, ఇసుక మీద కదిలే పాదాలే చూసేవాణ్ని. ఆ రోజూ అంతే. పుల్లయ్య కూత పెట్టి వచ్చాడు. కుడికి దూకాడు, ఎడమకు దూకాడు, మూలకు పోయాడు. ఉన్నట్టుండి కూత ఆగింది. అదే క్షణాన గీత దాటి లోపలికి రెండు కాళ్లు వచ్చాయి. ఆ కాళ్లకు బూట్లు ఉన్నాయి.

నా రక్తం మరిగిపోయింది. దొంగ ఊపిరి చాలలేదు, ఇప్పుడు షెడ్డు బూట్లు తొడుక్కుని బరిలోకి వస్తాడా? పైగా కూత కూడా లేదు.

"బూట్లేసుకోనొస్తావంట్రా, దొంగనాయాలా," అని అరిచి ఆ మడమ మీద పడ్డాను.

అలాంటి పట్టు నా జీవితంలో మళ్లీ పడలేదు. మనిషి నిలువునా కూలాడు. నా వెనక ఉన్న ముగ్గురూ ఓబులేసన్న శిష్యులే, వాళ్లూ తల వంచుకునే ఉన్నారు. ధర్మంగా వచ్చి మామీద పడ్డారు. నేను ఆ కాలిని రెండు చేతులతో కౌగిలించుకుని, "కూత తెగింది, అవుటు, అవుటు," అని అరుస్తున్నాను.

అప్పుడు దూరంగా, బరి మూల నుంచి పుల్లయ్య గొంతు చాలా మెల్లగా వినిపించింది.

"రవణా, నేను ఈడుండాన్రా."

చేతిలో ఉన్న కాలిని మొదటిసారి పైదాకా చూశాను. పచ్చ ప్యాంటు. బెల్టు. ఆ పైన నోటి నిండా ఇసుకతో నా ఈడు కుర్రాడు. వాడి తుపాకీ గీతకు అవతల ఇసుకలో పడి ఉంది. గుంపుగా చేరవద్దని చెప్పడానికి వచ్చిన పాపానికి వాణ్ని చెడుగుడులో అవుట్ చేశాను.

ఓబులేసన్న చేతిలో నూనె గుడ్డతో పరుగెత్తుకుని వచ్చాడు. "ఎవుడూ ఆ తుపాకి ముట్టుకోవద్దండి. రవణా, వాని మీదినుంచి లెయ్."

"లేస్తే కాలుస్తాడన్నా."

"లెయ్యకపోతే ఇంగొకడొచ్చి కాలుస్తాడు. లెయ్."

లేచాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాలు పట్టనేల, కాళ్లు పట్టుకోనేల అని నేను ఆ రోజు దిద్దుకున్నాను. దిద్దుకుంటూ ఉండగానే జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఒక ఆఫీసరు దిగాడు. మీసాలు మా కఫీల్ షోకేసులో పెట్టిన కత్తుల్లా ఉన్నాయి. తన సైనికుణ్ని, ఇసుకలో ఉన్న తుపాకీని, నా నిక్కరును వరసగా చూశాడు. తర్వాత నాలుగు చక్రాల మీద దర్జాగా నిలబడి ఉన్న మా బస్సును చూశాడు.

మాలో అరబ్బీ ధారాళంగా వచ్చేది మరియమ్మక్క ఒక్కతికే. ఆమెది పాలకొల్లు. ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తూ ఇద్దరు పిల్లలను చంకనేసుకుని పెంచింది. ఆ ఇంటివాళ్లు వెళ్లిపోయాక సైనికులు ఇల్లు ఊడ్చేశారు. పిల్లల మూడు చక్రాల సైకిలు కూడా జీపులో వేసుకుని పోయారట. అప్పటినుంచి మా బిల్డింగులో ఉంటోంది. ఆమెను కిందికి పిలిచారు. చేతిలో గరిటెతోనే వచ్చింది.

"ఏంటి బాబూ ఇది? సైనికుణ్ని ఎందుకు కొట్టేరని అడుగుతున్నాడీయన," అంది నాతో.

"కొట్టలేదక్కా, పట్టుకున్నా. కొడితే ఫౌలు గదా."

"సైనికుడి మీద చెయ్యేస్తే నేరమంట. జైల్లో పెడతాడంట."

"గీత దాటి లోపలికొచ్చినాక వాడు సైనికుడు గాదక్కా, కూతకొచ్చినోడు. ఆటలో పట్టుకుంటే నేరమెట్లయితాది?"

"రవణా, నోరు మూసుకో," అన్నాడు ఓబులేసన్న పళ్ల మధ్యనుంచి. "మరియమ్మా, పిల్లోండ్లు కసరత్తు చేస్తాండిరి, తెలీక తగిలినాడు అని చెప్పు తల్లీ."

ఆమె అలాగే చెప్పింది. ఆఫీసరు నమ్మలేదు. నలుగురు మనుషులు ఒకడిమీద పడే కసరత్తు ఏమిటో, ఈ ఆట నియమమేమిటో వీడితోనే చెప్పించమని నావైపు వేలు చూపించాడు.

ఇప్పుడు చెప్పండి, అడిగింది ఆయన. ఆటలో నియమం ఏమిటని అడిగితే అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. నిటారుగా నిలబడి చెప్పాను.

"తనది గాని చోట్లోకి వచ్చినోడు ఊపిరి ఉండేంతసేపే ఉండల్ల. ఊపిరి తెగకముందే వెనక్కి పోవల్ల. పోకుండా ఆణ్ణే నిలబడితే, ఆ చోటోళ్లు అందరూ కలిసి పట్టుకుంటారు."

నా నోటినుంచి ఏమి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. దేశం మొత్తం ఆక్రమించుకుని కూర్చున్న సైన్యపు ఆఫీసరుకు నేను చెప్పింది చెడుగుడు నియమమే. ఒక్క అక్షరం కలపలేదు. నియమమే అలా ఉంటే నేనేం చేయను?

మరియమ్మక్క నావైపు చూసింది. "ఇదే చెప్పమంటావా?"

"వద్దు తల్లీ," అన్నాడు ఓబులేసన్న.

"నియమం అదే గదక్కా," అన్నాను నేను.

ఆమె గరిటెను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది. ఒకసారి ఆ జీపు వైపు చూసింది. ఆమె మనసులో ఆ చిన్న సైకిలు మెదిలిందని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆఫీసరు వైపు తిరిగి, మొత్తం చెప్పేసింది. నేను చెప్పిన దానికంటే కాస్త పొడుగ్గానే చెప్పింది.

"ఏం కలిపినావక్కా?"

"ఏం లేదు బాబూ. పోరాని చోట్లకు పోతే రారాని మాటలొస్తాయని మా వైపు సామెతుంది కదా, అది కూడా చెప్పేను."

అప్పుడు కింద కూర్చుని ఇసుక ఉమ్ముకుంటున్న సైనిక కుర్రాడు తల ఎత్తి ఏదో అడిగాడు. మరియమ్మక్క మొహం మెత్తబడింది.

"వెనక్కెళ్లాలంటే ఎవర్ని అడగాలీ అంటున్నాడు పాపం. తనంతట తనే ఎళ్లిపోవచ్చా, పెద్దోళ్లు చెప్పే దాకా ఉండాలా అని."

ఆఫీసరు వాడిమీద ఒక్క అరుపు అరిచాడు. వాడు తల దించుకున్నాడు. తర్వాత ఆ పెద్దమనిషి నావైపు నడిచి వచ్చి, నవ్వాడు. అరిచి ఉంటే బాగుండేది. చాలా నిదానంగా మాట్లాడాడు. మరియమ్మక్క ఒక్కొక్క మాటే చెప్పింది.

"నీ చోటూ ఇది కాదు కదా, అంటున్నాడు. నీ గీత ఇండియాలో ఉంది కదా, అంటున్నాడు. అందరూ బస్సెక్కమంటున్నాడు, ఇప్పుడే. నువ్వు ఆ కూత పెట్టుకుంటా బస్సు ముందర పరిగెట్టాలంట. నీ ఊపిరి తెగకుండా ఆ డ్రమ్ములు దాటితే బస్సు పోనిస్తాడంట. ఎక్కడ తెగితే బస్సు అక్కడే ఆగిపోవాలంట. ఇంక అది వాళ్లదేనంట."

ఓబులేసన్న కళ్లు మూసుకున్నాడు. "కూసే గాడిదొచ్చి మేసే గాడిదను చెడిపినాదంట. మమ్మల్నందర్నీ నీ ఊపిరికి కట్టినావు గదరా."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. నా పాయింటు, నా నియమం అంటూ ఎగిరినవాణ్ని, అంతమంది ఇళ్లకు చేరడం నా ఛాతీలో పట్టే గాలి మీద ఆధారపడేసరికి బిక్కచచ్చిపోయాను. మరియమ్మక్క బస్సెక్కుతూ నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. కుర్రాళ్లూ ఎక్కారు. చొక్కా వేసుకుంటానంటే ఆఫీసరు ఒప్పుకోలేదు. ఊపిరి తెగితే చెప్పమని ఆ సైనిక కుర్రాణ్నే నా పక్కన పరుగెత్తమన్నాడు. నేను మడమ పట్టి కూల్చినవాడే నాకు అంపైరు. లోకంలో ఏ ఆటగాడికైనా ఇంతకంటే న్యాయమైన అంపైరు దొరుకుతాడా?

ఆఫీసరు "యల్లా" అన్నాడు. గుండెల నిండా గాలి నింపుకుని మొదలుపెట్టాను. చెడుగుడు చెడుగుడు చెడుగుడు. బస్సు మొదలుపెట్టలేదు. నెల రోజులు ఇటుకల మీద కూర్చున్న బస్సు కదా, ఓబులేసన్న తాళం తిప్పితే ముసలాడిలా దగ్గి ఊరుకుంది. నేను నిలబడిన చోటే కూస్తున్నాను. రెండోసారి తిప్పాడు. మళ్లీ దగ్గింది. నా ఊపిరిలో సగం ఆ బ్యాటరీకే పోయింది. మూడోసారి ఇంజను గురగురమంది. నేను పరుగెత్తాను.

ఆ సందు మామూలు రోజుల్లో ఒక సిగరెట్టు వెలిగించుకునేంతలో అయిపోతుంది. ఆ రోజు అది రాయచోటి నుంచి రాజంపేట దాకా సాగింది. ఇసుకలో పాదాలు దిగబడుతున్నాయి. కళ్లముందు డ్రమ్ములు రెండు నాలుగయ్యాయి. నా కూతలో చెడు పోయింది, గుడు మాత్రమే మిగిలింది, కాసేపటికి గుడు కూడా పోయి డుడుడు అని ఏదో మిగిలింది. వెనక బస్సులో ఎవరో ఏడుస్తున్నారు. డ్రమ్ములకు నాలుగు బారల దూరంలో నా ఛాతీ ఖాళీ అయిపోయింది. ఇక ఒక్క అక్షరం లేదు.

పీల్చాను. అవును, దొంగ ఊపిరి పీల్చాను. పళ్లు బిగించి, ముక్కుతో, డు కీ డు కీ మధ్య. నా పక్కన పరుగెత్తుతున్న కుర్రాడు విన్నాడు. వినకుండా ఎలా ఉంటాడు, వాడి చెవి నా నోటి దగ్గరే ఉంది. వాడు నా మొహం చూశాడు. నేను జీవితంలో మొదటిసారి కాళ్లు కాకుండా ఎదుటివాడి మొహం చూశాను. వెనకనుంచి జీపులో వస్తున్న ఆఫీసరు, తెగిందా అని అరిచాడు. ఆ ప్రశ్నకు అరబ్బీ రానక్కర లేదు.

"లా, సీదీ," అన్నాడు కుర్రాడు. తెగలేదు సార్ అని.

నేను డ్రమ్ములు దాటి బోర్లా పడ్డాను. పలక లేచింది. బస్సు ఆగకుండానే ఎవరో నన్ను చంకల కింద పట్టి తలుపులోకి లాగారు. ఆ నిక్కరుతోనే, మరియమ్మక్క ఇచ్చిన పూల దుప్పటి చుట్టుకుని, నేను ఎడారి దాటి జోర్డాన్ చేరాను. ఇప్పటికీ ఎవరైనా ఆ ఊపిరి పీల్చింది తప్పు, ఆటలో మోసం చేశావు అంటే వాళ్లను ముందు ఆ సందులో పరుగెత్తి రమ్మంటాను.

బస్సు ఊరు దాటాక ఓబులేసన్న నన్ను తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక ఏడ్చాడు. అందరూ నా వీపు తట్టారు. పుల్లయ్య మాత్రం కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"కూత తెగింది రవణా. నేను విన్యా. ఇంగ ఆ పాయింటు మాదే."

జోర్డాన్ సరిహద్దు దాకా ఇద్దరం దానిమీద కొట్లాడుకుంటూనే పోయాం. పాయింటు నేను ఇవ్వలేదు, ఇవ్వను కూడా. కానీ ఆ కుర్రాణ్ని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాను. వాడు తన గీత దాకా వెనక్కి చేరాడో లేదో నాకు తెలియదు. వాడి పేరు కూడా అడగలేదు.

కాబట్టి, పాఠకులారా, బరి మట్టి నుదుట పెట్టుకుని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ దేశపు ఆఫీసరు అడిగినా చెడుగుడు నియమాలు నేను చెప్పను. మరీ తప్పదంటే రాజంపేట దారి చూపించి, పుల్లయ్యను అడగమంటాను. పుల్లయ్య నా పాయింటు దొంగే అయినా, నియమం మాత్రం వాడూ నాలాగే చెబుతాడు.